జర్మన్‌లో 'వేర్డెన్' ఒక్కటే ఇన్ని పనులు ఎందుకు చేస్తుంది? మన 'వర్తమానం'తో దీనికి చుట్టరికం ఉందా?

బీ1_బాధలు
జర్మన్ బీ1 పరీక్షకి చదువుతున్నా. ఆర్టికల్స్, డేటివ్ అన్నీ ఎలాగోలా నెట్టుకొచ్చా గానీ ఈ వేర్డెన్ అనే క్రియ దగ్గర బండి ఆగిపోతోంది. మొదట్లో దీనర్థం 'అవ్వడం' అని చెప్పారు, 'ఇష్ వేర్డె లేరర్' అంటే నేను టీచర్ అవుతా, బానే ఉంది. కొన్నాళ్ళకి ఫ్యూచర్ టెన్స్‌కి కూడా ఇదే అన్నారు, ఆ తర్వాత పాసివ్‌కీ ఇదే అన్నారు, ఇప్పుడేమో మర్యాదగా అడగాలంటే 'వ్యుర్డె' అనాలంట, అదీ ఇదేనంట. 'ఇష్ వేర్డె ఫ్రాగెన్' అంటే నేను అడుగుతా, 'ఇష్ వేర్డె గెఫ్రాక్ట్' అంటే నన్ను అడుగుతున్నారు. అడిగేవాడూ నేనే అడిగించుకునేవాడూ నేనే, మధ్యలో క్రియ మాత్రం మారదు. క్లాసులో ఎందుకలా అని అడిగితే అదంతే, బట్టీ పట్టెయ్ అన్నారు. నాకు కారణం తెలియకపోతే బుర్రకెక్కదు.

ఇంకో సంగతి, క్లాసులో ఒకమ్మాయి ఇది సంస్కృతం 'వర్తతే' నుంచి వచ్చిందని గట్టిగా అంటోంది. నిజమా, ఊరికే సౌండ్ కలిసిందా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

చాయ్_సమోసా
వర్తతే అంటే సంధ్యావందనం చేసుకునేవాళ్ళకి బీ1 ఫ్రీగా ఇచ్చెయ్యాలి మరి 😄

లీప్జిగ్_లక్ష్మి
తమ్ముడూ, నువ్వు ఇంగ్లీషు మీదుగా జర్మన్‌లోకి వెళ్తున్నావు, చిక్కంతా అక్కడే. నేను ఇక్కడ హాస్పిటల్‌లో నర్సుగా చేస్తున్నా, నేర్చుకునేటప్పుడు నాకూ ఇదే గందరగోళం, తెలుగులో ఆలోచించడం మొదలెట్టాక సగం దారిలో పడింది.

ముందు వాక్యం చివర చూడు. చివర్లో పేరో గుణమో ఉంటే అది 'అవ్వడం'. మార్పు లేని మామూలు క్రియ ఉంటే ఫ్యూచర్ (లేదా ఊహ, దాని గురించి తర్వాత చెప్తా). గె- తగిలించిన రూపమో, గె- లేకపోయినా అలాంటి పార్టిసిపుల్ ('కట్టిన', 'అమ్మిన' లాంటి రూపం) ఏదైనా ఉంటే పాసివ్. జర్మన్‌లో వాక్యం చివరిదాకా వినకుండా అర్థం చేసుకోవడం కుదరదు, మనకి అది కొత్త కాదు కదా, మన క్రియ కూడా చివర్లోనే వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. వార్డులో 'డీ వుండె విర్ట్ ఫెర్బుండెన్' అన్నారనుకో, పుండుకి కట్టు కడుతున్నారు, పని నడుస్తోంది. 'డీ వుండె ఇస్ట్ ఫెర్బుండెన్' అంటే కట్టు కట్టి ఉంది, పనైపోయింది, స్థితి మిగిలింది. ఇంగ్లీషులో 'ద డోర్ వాజ్ క్లోజ్డ్' అంటే ఎవరో మూశారా, లేక అప్పటికే మూసి ఉందా? చెప్పలేం. తెలుగులో 'మూశారు', 'మూసి ఉంది' ఎంత తేడాగా ఉన్నాయో చూడు, జర్మన్ కూడా ఆ తేడా పాటిస్తుంది. జరుగుతున్నదానికి వేర్డెన్ (విర్ట్ దాని రూపమే), జరిగిపోయి నిలిచి ఉన్నదానికి జైన్, అంటే 'ఉండు' క్రియ (ఇస్ట్ దాని రూపం).

పేషెంటు 'మియర్ విర్ట్ ష్లెష్ట్' అంటే నేను గిన్నె పట్టుకుని పరిగెత్తాలి, ఎందుకంటే 'నాకు వికారం వచ్చేస్తోంది' అని దానర్థం. 'మియర్ ఇస్ట్ కాల్ట్' అంటే నాకు చలిగా ఉంది, 'మియర్ విర్ట్ కాల్ట్' అంటే నాకు చలి పుడుతోంది. 'మియర్' అంటే 'నాకు'. చలి, వికారం దగ్గర వాళ్ళూ మనలాగే 'నాకు' అంటారు, 'నేను' అనరు. ఇంగ్లీషు మీదుగా వెళ్ళినవాళ్ళు 'ఇష్ బిన్ కాల్ట్' అని చెప్పి నవ్వులపాలవుతారు, అంటే నేను మనసు లేనిదాన్ని అన్నట్టుంటుంది.

బీ1_బాధలు
అక్కా కట్టు కడుతున్నారు / కట్టి ఉంది అనేసరికి ఒక్కసారిగా లైటు వెలిగింది. ఇన్ని నెలలు ఎవ్వరూ ఇలా చెప్పలేదు.

పాతపుస్తకాల_పురుగు
వర్తతే సంగతి నేను చెప్తా, నాకు ఇది ప్రాణం లాంటి టాపిక్.

క్లాసులో ఆ అమ్మాయి చెప్పినదాంట్లో సగం నిజం. వేర్డెన్, వర్తతే రెండూ ఒకే ధాతువువి. కానీ ఒకదాన్నుంచి ఇంకోటి రాలేదు. రెండింటికీ ముందు 'వెర్ట్' అనే మూలం ఉండేది, అర్థం 'తిరగడం'. భాషాశాస్త్రంలో దాన్ని ఆది ఇండో-యూరోపియన్ అంటారు, రాతలో దొరకలేదు, పిల్ల భాషల్ని పక్కపక్కన పెట్టి కట్టుకున్న రూపం అది. సంస్కృతంలో వృత్ ధాతువు, వర్తతే అంటే తిరుగుతుంది, నడుస్తుంది, ఉంటుంది. లాటిన్‌లో 'వెర్టెరె' అంటే తిప్పడం, ఇంగ్లీషులోకి వచ్చిన వర్షన్, కన్వర్ట్, రివర్స్ అన్నీ అక్కణ్ణుంచే. జర్మానిక్ గుంపులో అది 'అవ్వడం' అనే అర్థానికి జరిగింది: గోథిక్‌లో 'వెర్థన్', పాత ఇంగ్లీషులో 'వెయొర్థన్', జర్మన్‌లో వేర్డెన్, డచ్‌లో 'వొర్డెన్', ఐస్‌లాండిక్‌లో 'వెర్దా', యిడ్డిష్‌లో 'వెర్న్'. రష్యన్‌లో కాలాన్ని 'వ్రేమ్య' అంటారు, అదీ ఈ ఇంటిదే, సంస్కృతంలో దారికి ఉన్న 'వర్త్మ' అనే మాటతో అచ్చంగా సరిపోతుంది.

గోదారి_గట్టు
అంత తేలిగ్గా 'ఒకదాన్నుంచి ఇంకోటి రాలేదు' అనేస్తే ఎలాగండీ. మిగతావాటికంటే సంస్కృతం పాతది, ధాతువు స్పష్టంగా వృత్ అని పాణినీయంలో ఉంది. ఎవరూ చూడని, రాతలో లేని 'వెర్ట్' కంటే కళ్ళముందున్న వృత్ మూలం అనుకోవడమే సబబు కదా. మా తాతగారు వేదం చెప్పేవారు, ఇలాంటి మాటలు వింటే నాకు మనసు ఒప్పుకోదు.

చాయ్_సమోసా
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

పాతపుస్తకాల_పురుగు
@గోదారి_గట్టు మీ అభ్యంతరం న్యాయమైందే, అందుకే వివరంగా రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

సంస్కృతంలో పాత ఎ, ఒ, అ మూడూ కలిసిపోయి 'అ' అయ్యాయి. దీనికి సాక్ష్యం సంస్కృతంలోనే ఉంది. 'కృ' ధాతువుకి లిట్‌లో, అంటే ఒక రకం భూతకాలంలో, 'చకార' అంటాం. రెండుసార్లు 'క' రావాల్సిన చోట మొదటిది 'చ' ఎందుకైంది? అక్కడ ఒకప్పుడు 'ఎ' ఉండేది కాబట్టి, 'ఎ' ముందు క మెత్తబడి చ అయింది, ఆ తర్వాత 'ఎ' కాస్తా 'అ' అయిపోయింది. అంటే సంస్కృతం తానే 'నా దగ్గర ఒకప్పుడు ఎ ఉండేది' అని ఒప్పుకుంటోంది. లాటిన్‌లోనూ గోథిక్‌లోనూ పాత ఇంగ్లీషులోనూ ఈ క్రియకి ఆ 'ఎ' మిగిలింది. సంస్కృతం నుంచే వాళ్ళకి వెళ్ళి ఉంటే, సంస్కృతంలో చెరిగిపోయిన అచ్చు వాళ్ళ దగ్గర సరిగ్గా పాత చోటే ఎలా మొలుస్తుంది? ఇందులో సంస్కృతానికి చిన్నతనం ఏమీ లేదండీ. అచ్చుల విషయంలో వాళ్ళు పాతది దాచారు, స్వరాల (ఉదాత్తం లాంటివి, ఏ అక్షరాన్ని ఎత్తి పలకాలో చెప్పేవి) విషయంలో మనవాళ్ళు దాచారు. ఆ రెండో ముక్కే అసలు అందమైనది, ఇందాక మీరు తాతగారి వేదం అన్నారు కాబట్టి మీకే బాగా పడుతుంది.

1822లో యాకోబ్ గ్రిమ్ (జానపద కథలు పోగుచేసిన అన్నదమ్ముల్లో పెద్దాయన) జర్మానిక్ హల్లుల మార్పుకి సూత్రం చెప్పాడు. పాత 'ట/త' జర్మానిక్‌లో 'థ' అవుతుంది, ఇంగ్లీషు 'థింక్'లో పలికే థ. సంస్కృతం 'త్రి'కి ఇంగ్లీషులో 'థ్రీ', అలాగన్నమాట. కానీ కొన్ని మాటల్లో థ రావాల్సిన చోట 'డ' వస్తోంది. ఎందుకో యాభై ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. మన క్రియలోనే ఆ ఇబ్బంది ఉంది: పాత ఇంగ్లీషులో 'వెయర్థ్' అంటే అయ్యాడు, 'వుర్డన్' అంటే అయ్యారు. ఏకవచనంలో థ, బహువచనంలో డ. ఒకే క్రియ, ఒకే కాలం!

కార్ల్ వెర్నర్ అనే డేనిష్ ఆయన దీన్ని విప్పాడు, 1877లో అచ్చైంది. తాళంచెవి ఎక్కడ దొరికిందంటే వేదంలో. సంస్కృతంలో ఇదే క్రియకి ఏకవచనం 'వవర్త', స్వరం 'వర్' మీద, అంటే త కి సరిగ్గా ముందు. బహువచనంలో స్వరం ప్రత్యయం మీదకి జారుతుంది. 'వృత్త' అనే రూపంలో కూడా స్వరం చివర్నే. త కి వెంటనే ముందు స్వరం ఉన్నచోట జర్మానిక్‌లో థ నిలిచింది, లేనిచోట డ అయింది. జర్మానిక్ జనం ఆ పాత స్వరాన్ని ఎప్పుడో వదిలేశారు, అన్ని మాటలకీ మొదటి అక్షరం మీద ఒత్తు పెట్టుకున్నారు. కానీ పోయిన స్వరం ముద్ర హల్లు మీద ఉండిపోయింది. ఆ ముద్ర చదవాలంటే స్వరాన్ని దాచుకున్న వేదపాఠం కావాల్సి వచ్చింది.

ఇంగ్లీషులో మనం రోజూ వాడే వాజ్ / వర్ తేడా కూడా ఇదే సూత్రం, అక్కడ స కాస్తా జ అయి ర అయింది.

గోదారి_గట్టు
ఇది నాకు తెలియదండీ, నిజంగా ఒళ్ళు పులకరించింది. ఉదాత్తం ఒక్కటి తప్పితే తాతగారు మళ్ళీ మొదట్నుంచి చెప్పించేవారు, అర్థం మారిపోతుంది అనేవారు. అలా పట్టుబట్టి దాచినది డెన్మార్క్‌లో ఒకాయనకి పనికొచ్చిందన్నమాట. సంస్కృతమే తల్లి అన్న నా అభిప్రాయం మీద ఇంకా చదవాలి, ఇప్పుడే ఒప్పుకోను, మీరిచ్చిన చకార ఉదాహరణ మాత్రం ఆలోచింపజేస్తోంది.

ఈలోగా వృత్ కుటుంబం మన తెలుగులో ఎంత ఉందో చూడండి: వృత్తం, వృత్తి, ప్రవర్తన, నివృత్తి, ఆవర్తనం, పరివర్తన, వార్త, వర్తులం, అనువర్తనం. ఆఫీసుల్లో 'ఈ నిబంధన వారికి వర్తించదు' అనేదీ ఇదే. 'వర్తమానం పంపించు' అంటే కబురు పంపించు అని మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. దీపంలో వత్తి కూడా సంస్కృతం 'వర్తి' నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిందే, పత్తిని తిప్పి తిప్పి పేనుతాం కదా.

ఓరుగల్లు_పోరి
వత్తి గూడ ఇదేనా!! మస్తుంది. నేను గూడ జర్మన్ నేర్సుకుంటున్న, ఎ2 అయింది. ఒకటి అడుగుత. తిరుగుడు అనే అర్థం 'అవుడు' ఎట్ల అయింది? నాకు గదే సమజ్ అయితలే.

పాతపుస్తకాల_పురుగు
@ఓరుగల్లు_పోరి మామిడికాయ రంగు తిరిగింది అంటాం కదమ్మా. అక్కడ తిరగడం అంటే గుండ్రంగా తిరగడం కాదు, ఆకుపచ్చ పసుపు అవ్వడం. ఇంగ్లీషులో కూడా 'టర్న్‌డ్ పేల్' అంటారు, ముఖం పాలిపోయింది అని. లిథువేనియన్‌లో ఇదే ధాతువు నుంచి వచ్చిన 'విర్స్తి'కి ఒరిగి పడిపోవడం, ఇంకోలా మారిపోవడం రెండర్థాలూ ఉన్నాయి. ఒక పక్కకి ఉన్నది ఇంకో పక్కకి తిరిగితే వేరేదైనట్టే.

పాత అర్థం జర్మన్‌లో పూర్తిగా పోలేదు కూడా. 'ఫోర్వెర్ట్స్' అంటే ముందుకి, 'ర్యుక్‌వెర్ట్స్' అంటే వెనక్కి, ఆ -వెర్ట్స్ అంటే 'అటు తిరిగిన' అని. ఇంగ్లీషు ఫార్వర్డ్, హోమ్‌వర్డ్‌లో తోక కూడా అదే.

ఓరుగల్లు_పోరి
రంగు తిరిగింది... అవును మా అమ్మమ్మ గట్లనే అంటది. అయింది సమజ్.

ఐండ్‌హోవెన్_అల్లుడు
డచ్ వైపు నుంచి నేను. లక్ష్మి గారు చెప్పిన రూలు (చివర చూడు) ఇక్కడ ఇంకా తేలిక, ఎందుకంటే డచ్‌లో వొర్డెన్‌కి రెండే పనులు, అవ్వడం, పాసివ్. 'ఇక్ వొర్ట్ జీక్' అంటే నాకు ఒంట్లో బాలేకుండా వస్తోంది. ఫ్యూచర్‌కి 'జుల్లెన్' లేదా 'గాన్', గాన్ అంటే వెళ్ళడం, ఇంగ్లీషు 'గోయింగ్ టు' లాగా. అందుకే నా ఉద్దేశంలో వేర్డెన్‌కి ఫ్యూచర్ అంటగట్టడం జర్మన్ ఒక్కదాని సొంత తెలివి, దాన్ని జర్మానిక్ లక్షణం అనుకోకూడదు.

పాతపుస్తకాల_పురుగు
అల్లుడు గారితో నేనూ ఏకీభవిస్తా. యిడ్డిష్ జర్మన్‌కి అంత దగ్గరి చుట్టం కదా, అందులో కూడా 'వెర్న్' పాసివ్‌కీ అవ్వడానికీ ఉంది గానీ ఫ్యూచర్‌కి వేరే సహాయక క్రియ ఉంది, 'ఎర్ వెట్' అంటారు. జర్మన్‌లో ఫ్యూచర్ వాడుక మధ్యయుగాల్లో నెమ్మదిగా కుదిరింది, మొదట్లో 'చేస్తూ ఉన్నవాడు అవుతాడు' అన్నట్టుండే కట్టు, తర్వాత ఇప్పటి రూపానికి వచ్చింది.

లీప్జిగ్_లక్ష్మి
ఫ్యూచర్ అంటే గుర్తొచ్చింది, ఇందాక తర్వాత చెప్తా అన్నా కదా. ఇక్కడి జనం మాట్లాడేటప్పుడు ఫ్యూచర్‌కి వేర్డెన్ వాడటం తక్కువే. 'మోర్గెన్ ఫారె ఇష్ నాఖ్ బెర్లిన్' అంటారు, మనం 'రేపు బెర్లిన్ వెళ్తున్నా' అన్నట్టే, రేపు అన్నాక ఇంక ఫ్యూచర్ ఎందుకు. వేర్డెన్ ఎక్కువగా ఊహకి వస్తుంది. 'ఎర్ విర్ట్ వోల్ త్సు హౌజె జైన్' అంటే భవిష్యత్తు సంగతి కాదు, 'ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడులే' అని. చూశావా, తెలుగులో కూడా 'ఉంటాడు' అనే భవిష్యత్ రూపంతోనే ఊహ చెప్తాం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే హోరెన్ పరీక్షలో (వినే భాగం) బోలెడు తప్పులు తగ్గుతాయి.

వ్యుర్డె కూడా దీనికి దగ్గర్లోనే ఉంది. 'ఇష్ వ్యుర్డె గెర్న్ ఐనెన్ టెర్మిన్ మాఖెన్' అంటే అపాయింట్‌మెంట్ తీసుకోవాలనుకుంటున్నానండీ అని. సూటిగా 'కావాలి' అనకుండా ఊహలో పెట్టి అడగడం, అందుకే మర్యాద. ఫోన్లో 'ఇష్ విల్' అని మొదలెట్టకు తమ్ముడూ, అవతల రిసెప్షన్ ఆవిడ గొంతు వెంటనే మారిపోతుంది.

డల్లాస్_దొర
ఇన్ని భాషల్లో ఉంది సరే, ఇంగ్లీషులో ఏమైపోయింది? పాత ఇంగ్లీషులో ఉండేదన్నారుగా. జర్మానిక్ భాషే కదా ఇంగ్లీషు, మనం 'బికమ్' అంటున్నాం.

పాతపుస్తకాల_పురుగు
పోయింది, అది నాకు నిజంగా బాధ అనిపించే విషయం. పాత ఇంగ్లీషులో వెయొర్థన్ బాగా నడిచేది, 'హే వెయర్థ్ ఒఫ్‌స్లాయన్' అంటే 'వాణ్ణి చంపేశారు', జర్మన్ పాసివ్ ఎలా ఉందో సరిగ్గా అలాగే. పక్కనే 'ఉండు' క్రియతో చేసే పాసివ్ కూడా ఉండేది. మధ్యయుగాలు ముగిసేసరికి రెండోదే మిగిలింది, ఇది మాట్లాడేవాళ్ళ నోట్లోంచి జారిపోయింది. అందుకే లక్ష్మి గారు చెప్పిన తలుపు సందిగ్ధం ఇంగ్లీషుకి వచ్చింది. కట్టడానికీ కట్టి ఉండటానికీ తేడా చూపించే పనిముట్టు చేతిలో ఉండేది, పోగొట్టుకున్నారు.

బికమ్ అనేది పాత ఇంగ్లీషు 'బెకుమన్', అసలు అర్థం 'వచ్చి చేరడం'. జర్మన్‌లో దాని చుట్టం 'బెకొమ్మెన్', కానీ దానికి 'దొరకడం, అందుకోవడం' అని అర్థం.

చాయ్_సమోసా
ఆఁ ఇది నాకు తెలుసు! జర్మన్ ఆయన లండన్ హోటల్లో కూర్చుని 'నేనెప్పుడు స్టేక్ అవుతాను' అని అడిగే జోకు ఇదేగా 😂

పాతపుస్తకాల_పురుగు
అదే 😄

పోయిన క్రియ గుర్తులు ఇంగ్లీషులో ఒకట్రెండు ఉన్నాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో యెహెజ్కేలు 30వ అధ్యాయం 2వ వచనంలో 'వో వర్త్ ద డే' అని ఉంది. చదివినవాళ్ళు ఆ వర్త్ అంటే విలువ అనుకుంటారు, కాదు, అది మన క్రియే, 'ఆ దినానికి శ్రమ కలుగును గాక' అని.

రెండోది 'వియర్డ్'. పాత ఇంగ్లీషులో 'వ్యుర్డ్' అంటే విధి, అంటే 'అయ్యేది, జరగబోయేది'. మాక్బెత్ నాటకంలో ముగ్గురు వియర్డ్ సిస్టర్స్ అంటే విధిని చెప్పే ఆడవాళ్ళు అని. వింతైన, తేడాగా ఉన్న అనే ఇప్పటి అర్థం 19వ శతాబ్దంలో వచ్చింది.

డల్లాస్_దొర
వర్త్ అంటే విలువ, మన వర్తకం, ఇవి కూడా ఒకటేనా?

పాతపుస్తకాల_పురుగు
వర్తకం వృత్ కుటుంబమే. విలువ అనే వర్త్‌కి జర్మన్ 'వేర్ట్' చుట్టం, దాని మూలం మీద పండితుల్లో వాదన ఉంది, అందుకని నేను కలపను.

స్టాక్‌హోమ్_శీను
స్వీడిష్ కథ ఇంకా గమ్మత్తుగా ఉంటుంది, రాయకుండా ఉండలేకపోతున్నా. ఇక్కడ పాత క్రియ 'వార్డా' ఉండేది. ఇప్పుడు మామూలు స్వీడిష్‌లో 'బ్లీ' అంటారు, 'యా బ్లీర్ గ్లాద్' అంటే నాకు సంతోషం కలుగుతోంది. ఈ బ్లీ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే ఉత్తర జర్మనీ వ్యాపారుల నుంచి. హాన్సా కూటమి వర్తకులు మధ్యయుగాల్లో వీస్బీ, స్టాక్‌హోమ్, నార్వేలో బెర్గెన్, ఇలా రేవులన్నిట్లో తిష్ఠ వేశారు. వాళ్ళ లో-జర్మన్ నుంచి 'బ్లీవెన్' అనే మాట వచ్చింది, దానర్థం 'ఉండిపోవడం', ఇప్పటి జర్మన్ 'బ్లైబెన్' అదే. ఉండిపోవడం అనే మాట అవ్వడం అయి కూర్చుంది! డబ్బు చెల్లించడానికి 'బెతాలా', భాషకి 'స్ప్రోక్' అనే మాటలు కూడా వాళ్ళవే. భాష అనే మాటనే అరువు తెచ్చుకున్న భాష ఇది.

డేనిష్‌లో 'బ్లీవె'కి రెండర్థాలూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి, ఇక్కడే ఉండు అనడానికీ అదే, డాక్టర్ అవ్వడానికీ అదే. పాతది మాత్రం ఒక మూల మిగిలింది, డేనిష్‌లో కాబోయే తల్లిని 'వోర్దెనె మోర్' అంటారు. స్వీడన్‌లో కూడా పల్లెల యాసల్లో 'దె వార్ట్' అంటే 'అయింది' అని వినపడుతుంది. నార్వేలో రెండు రాత పద్ధతులున్నాయి కదా, వాటిలో నీనోర్స్క్‌లో 'వెర్తా' ఇప్పటికీ రాస్తారు, బ్లీ కూడా ఒప్పుకుంటారు.

ఐండ్‌హోవెన్_అల్లుడు
శీను బ్రో, ఉండిపోవడం ఎలా అవ్వడం అయింది మరి? రెండూ వ్యతిరేకం కదా. ఒకటి మార్పు, ఒకటి మార్పు లేకపోవడం. నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

స్టాక్‌హోమ్_శీను
నాకు తోచింది చెప్తా. 'వాడు యుద్ధంలో ఉండిపోయాడు' అంటే చచ్చిపోయాడనేగా. 'ఆ మాట వినగానే అలా బిత్తరపోయి ఉండిపోయాడు' అంటాం, అక్కడ ఉండిపోయాడు అంటే అప్పటిదాకా మామూలుగా ఉన్నవాడు బిత్తరపోయాడనే. మారాక నిలిచిన స్థితిని చెప్పే మాట, ఆ స్థితిలోకి వెళ్ళడాన్ని చెప్పే మాటైంది. స్పానిష్‌లో 'కెదార్సె'కి కూడా ఉండిపోవడం, అయిపోవడం రెండూ ఉన్నాయి.

ఐండ్‌హోవెన్_అల్లుడు
బిత్తరపోయి ఉండిపోవడం ఉదాహరణ బావుంది. సరే, ఒప్పుకుంటున్నా.

గోదారి_గట్టు
ఐస్‌లాండిక్ 'వెర్దా' గురించి ఎవరూ రాయలేదే, అది పాతదనం ఎక్కువ దాచిన భాష అంటారు కదా.

స్టాక్‌హోమ్_శీను
@గోదారి_గట్టు గారూ, అక్కడ వెర్దా బతికే ఉంది, పైగా ఇంకో పని నెత్తినేసుకుంది. అవ్వడంతో పాటు 'తప్పదు' అనే అర్థం. 'యెగ్ వెర్ద్ ఆద్ ఫారా' అంటే నేను వెళ్ళాలి, వెళ్ళక తప్పదు.

ఇంకోటి మీకు నచ్చుతుంది. పాత నోర్స్ కథల్లో విధిని నిర్ణయించే ముగ్గురు దేవతలున్నారు, నోర్నులు అంటారు. ఉర్ద్, వెర్దాండి, స్కుల్ద్. ఉర్ద్ అంటే విధి, పురుగు గారు చెప్పిన ఇంగ్లీషు వ్యుర్డ్‌కి తోబుట్టువు. వెర్దాండి అంటే 'అవుతూ ఉన్నది', వెర్దా క్రియకి వర్తమాన రూపం. స్కుల్ద్ మాత్రం వేరే క్రియ నుంచి, ఇంగ్లీషు 'షల్' దాని చుట్టం.

గోదారి_గట్టు
వెర్దాండి... వర్తమానం! మన వర్తమానం కూడా వృత్‌కి శానచ్ అనే ప్రత్యయం చేరిన రూపమే, 'జరుగుతూ ఉన్నది' అని. ప్రత్యయాలు వేరు గానీ ధాతువు ఒకటే, అర్థమూ ఒకటే. వాళ్ళు ఆ మాటకి దేవత పేరు పెట్టుకున్నారు, మనం వ్యాకరణంలో కాలానికి పెట్టుకున్నాం.

నాకు ఇంకో ఉదాహరణ గుర్తొచ్చింది, ఎప్పుడో చదివాను. టర్కీలో బోగాజ్‌కోయ్ దగ్గర హిట్టైట్ అనే ప్రాచీన రాజ్యపు మట్టి పలకలు దొరికాయి, కిక్కులి అనే మితన్ని దేశపు ఆయన రథాల గుర్రాలకి శిక్షణ ఎలా ఇవ్వాలో చెప్పిన పాఠం. దాదాపు 3400 ఏళ్ళ కిందటిది. అందులో గుర్రాన్ని ఎన్ని చుట్లు తిప్పాలో లెక్కకి 'ఐక వర్తన్న, తేర వర్తన్న, పంజ వర్తన్న, సత్త వర్తన్న, న వర్తన్న' అని ఉంటుంది. ఒకటి, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది చుట్లు. వృత్‌కి ఉన్న 'తిరగడం' అనే అసలు అర్థం అక్కడ గుర్రాల డెక్కల కింద కనపడుతుంది.

పాతపుస్తకాల_పురుగు
అద్భుతం, కిక్కులి సంగతి నేనే రాద్దామనుకున్నా, మీరు నాకంటే బాగా రాశారు 🙏

బీ1_బాధలు
నేను అడిగింది ఒక క్రియ, మీరు గుర్రాల దాకా తీసుకెళ్ళారు, అందరికీ థాంక్స్. చాలావరకు క్లియర్ అయింది గానీ ఒక్కటి మిగిలింది. గెవోర్డెన్, వోర్డెన్ రెండు రూపాలున్నాయి, ఎప్పుడేది? మాక్ టెస్టులో 'గెబౌట్ గెవోర్డెన్' రాశా, ఎర్రసిరా పడింది.

లీప్జిగ్_లక్ష్మి
సొంతంగా 'అయ్యాడు' అన్నప్పుడు గెవోర్డెన్: 'ఎర్ ఇస్ట్ లేరర్ గెవోర్డెన్'. పాసివ్‌కి సహాయంగా ఉన్నప్పుడు గె- ఎగిరిపోతుంది: 'దాస్ హౌస్ ఇస్ట్ గెబౌట్ వోర్డెన్', ఇల్లు కట్టారు. అప్పటికే గెబౌట్‌లో ఒక గె- ఉంది, ఇంకోటి పెట్టరని గుర్తుపెట్టుకో. ('ఫెర్కౌఫ్ట్ వోర్డెన్'లో ముందు గె- లేకపోయినా వోర్డెనే, కాబట్టి ఇది గుర్తుకోసం మాత్రమే, కారణం కాదు.)

ఐండ్‌హోవెన్_అల్లుడు
డచ్‌లో ఆ చివరి మాట రాయనే రాయం, 'హెట్ హౌస్ ఈజ్ గెబౌట్' అంటే చాలు. దాంతో కట్టారు, కట్టి ఉంది రెండూ ఒకేలా ఉంటాయి, అక్కడ మాత్రం మీ జర్మన్‌దే పైచెయ్యి.

ఓరుగల్లు_పోరి
అక్కా నాదొకటి. మా బుక్కుల 'హియర్ విర్ట్ నిష్ట్ గెరౌఖ్ట్' అని ఉంది. ఇండ్ల ఎవ్వరు లేరు గదా, సబ్జెక్ట్ ఏది?

లీప్జిగ్_లక్ష్మి
సబ్జెక్ట్ లేదమ్మా, అదే దాని అందం. 'ఇక్కడ పొగ తాగరు' అని. ఎవరు తాగరు? ఎవరైనా. మనం 'ఇక్కడ చెప్పులు వేసుకోరు' అంటాం కదా గుడి దగ్గర, కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పేటప్పుడు. 'నువ్వు వేసుకోవద్దు' అంటే గదమాయించినట్టు, 'వేసుకోరు' అంటే ఇక్కడి పద్ధతి అది అని. ఇంగ్లీషులోకి మార్చబోతే 'ఇట్ ఈజ్ నాట్ స్మోక్‌డ్ హియర్' అని ఎవరూ అనని వాక్యం వస్తుంది. మా వార్డులో పిల్లలు అరుచుకుంటూ పరిగెడితే హెడ్ నర్సు 'హియర్ విర్ట్ నిష్ట్ గెరాంట్' అంటుంది, ఇక్కడ పరిగెత్తరు అని, వెంటనే ఆగిపోతారు.

ఓరుగల్లు_పోరి
'ఇక్కడ పరిగెత్తరు'... గిది మా పెద్దమ్మ మాట లెక్కనే ఉంది. నోట్సుల రాసుకున్న.

పాతపుస్తకాల_పురుగు
@బీ1_బాధలు జర్మన్ బైబిల్ ఎక్కడైనా కనపడితే ఆదికాండం మొదటి పేజీ తియ్యి, లూథర్ అనువాదం. 'ఎస్ వేర్డె లిష్ట్! ఉంట్ ఎస్ వార్ట్ లిష్ట్.' వెలుగు కలుగును గాక, వెలుగు కలిగెను. ఆ 'వార్ట్' పాత ఏకవచనం, పాత ఇంగ్లీషు వెయర్థ్‌కి జోడీ. ఇప్పుడు దాని బదులు 'వుర్డె' అంటున్నారు, ఆ ఉ-కారం పాత బహువచనం 'వుర్డెన్' నుంచి ఏకవచనంలోకి ఎగబాకింది. నీ వ్యుర్డె కూడా ఆ బహువచనం వైపు రూపమే, ఉ కాస్త ముందుకి జరిగి పెదవులు గుండ్రంగా పెట్టి పలికే 'యు' అయింది. వార్ట్, వుర్డెన్, వ్యుర్డె మూడూ పక్కపక్కన రాసి పెట్టుకో, వవర్త / వృత్త కూడా వాటి కింద రాసుకో.

బీ1_బాధలు
రాసుకున్నా. రేపు క్లాసులో ఆ అమ్మాయికి కూడా ఈ లింకు పంపిస్తా, సగం నిజమే అన్నందుకు గొడవేసుకుంటుంది, చకార ఉదాహరణ నేనే చెప్తా.

లీప్జిగ్_లక్ష్మి
'గొడవేసుకుంటుంది' అన్నావు చూడు, ఎర్ విర్ట్, జీ విర్ట్ అంటే అదే తమ్ముడూ, ఊహ. అది జర్మన్‌లో రాసి ఇక్కడ పెట్టు, దిద్దుతా.

బీ1_బాధలు
జీ విర్ట్ బెష్టిమ్ట్ మిట్ మియర్ ష్ట్రైటెన్.

లీప్జిగ్_లక్ష్మి
కరెక్ట్. ఒక్క తప్పు లేదు.